హెకెల్‌ఫోన్ ఏ రికార్డులో వినిపిస్తుంది?

రిచర్డ్ స్ట్రాస్ రాసిన 'ఆల్పైన్ సింఫనీ' స్కోరు, అంటే అన్ని వాద్యాల స్వరాలూ వరసలుగా రాసిన పుస్తకం, తెరిస్తే, ఎడమవైపు వాద్యాల పేర్ల వరసలో ఓబోల కింద, క్లారినెట్ల పైన మంద్రంగా పలికే ఒక అరుదైన ఊదే వాద్యం పేరు కనిపిస్తుంది. హెకెల్‌ఫోన్. ఒక రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, స్కోరు లాప్‌టాప్‌లో తెరిచి, ఆ ఒక్క వరసనే చూపుతో పట్టుకుని వింటూ కూర్చున్నాను. పేజీ ముందుకు తిప్పాను, వెనక్కి తిప్పాను. ఒకే చోటు మూడుసార్లు విన్నాను. కాగితం మీద స్వరాలు స్పష్టంగా ఉన్నాయి. చెవికి మాత్రం ఓబోలు, బసూన్లు, హార్న్‌లు, తీగ వాద్యాలు అన్నీ ముద్దకట్టిన ఒక పెద్ద ధ్వని అందింది తప్ప, ఇదిగో ఇదీ హెకెల్‌ఫోన్ అని వేలుపెట్టి చూపించగలిగింది ఏదీ దొరకలేదు. ఇంకో ఆర్కెస్ట్రా వాయించిన రికార్డింగ్ పెట్టాను. అందులో ఒకచోట ఓబో గొంతే కాస్త బొంగురుపోయి కిందికి దిగినట్టు ఏదో వినిపించింది. అది ఇదేనా, లేక బసూనా? రాత్రి రెండు దాటినా తేల్చుకోలేకపోయాను.

ఆ తర్వాత చాలాకాలం వెతికితే అర్థమైంది, తప్పు నా చెవిదొక్కటే కాదని. స్వరకర్త స్కోరులో రాసిన వాద్యం, రికార్డింగ్ రోజున నిజంగా వాయించిన వాద్యం, కవర్ మీద అచ్చయిన పేరు. ఈ మూడూ ఒకటేనని మనం నమ్మి వింటాం. మామూలు వాద్యాల విషయంలో అది నిజమే. ఈ అరుదైన మంద్ర ఓబోల విషయంలో మాత్రం మూడూ మూడు దారులు పట్టవచ్చు. పైగా కచేరీ హాల్లో వీటిని చూసే అవకాశం మనలో చాలామందికి జన్మలో రాదు. మనకున్నది రికార్డులే. అందుకే ఈ చిక్కుముడి విప్పుకోవడం అవసరం.

ముందు వాద్యం సంగతి చూద్దాం. మన పెళ్లిళ్లలో సన్నాయి మేళం వాళ్లు వాయించడానికి కూర్చోగానే చేసే మొదటి పని గమనించే ఉంటారు. చిన్న రీడును నోట్లో పెట్టుకుని నానబెడతారు, తీసి వెలుతురులో చూస్తారు, మళ్లీ పెట్టుకుంటారు. నాదస్వర విద్వాంసులు దాన్ని సీవాళి అంటారు. రెల్లు జాతి పుల్లతో చేసిన రెండు పలచని పొరలు, మధ్యలో సన్నని చీలిక. ఊదినప్పుడు ఆ రెండు పొరలూ ఒకదానికొకటి తగులుతూ కొట్టుకుంటాయి, ఆ కంపనమే గొట్టంలోకి వెళ్లి స్వరమవుతుంది. దీన్నే జంట రీడు అంటాం. పాశ్చాత్య సంగీతంలో ఓబో, బసూన్ రెండూ జంట రీడు వాద్యాలే. క్లారినెట్, శాక్సోఫోన్‌లకు ఒకటే రీడు ఉంటుంది. ఒక్క పొర ఊదే మూతికి ఆనుకుని కొట్టుకుంటుంది. జంట రీడు ధ్వనిలో ఉండే ఆ గరుకుదనం, ఆ పిలుపు, మన సన్నాయిలో ఎలా ఉంటుందో ఓబోలో కూడా అలాగే ఉంటుంది. తేడా ఎంత ఉన్నా చుట్టరికం చెవికి తెలిసిపోతుంది.

ఓబోకు ఒక కుటుంబం ఉంది. ఓబో కంటే పంచమం కిందికి పలికేది కోర్ ఆంగ్లే. పూర్తిగా ఒక స్థాయి కిందికి దిగితే బాస్ ఓబో. హెకెల్‌ఫోన్ కూడా అదే స్థాయిలో పలుకుతుంది, ఇంకో అర స్వరం ఎక్కువే దిగుతుంది. మామూలు ఓబోలో అన్నిటికంటే కింది స్వరం 233 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) దగ్గర ఆగితే, హెకెల్‌ఫోన్ 110 హెర్ట్జ్ దాకా వెళ్తుంది. మరి స్థాయి ఒకటే అయినప్పుడు రెండు వాద్యాలెందుకు? గొడవంతా ఇక్కడే మొదలవుతుంది.

బాస్ ఓబో ఫ్రెంచి వాద్యం. పంతొమ్మిదో శతాబ్దంలో పారిస్‌లోని త్రిబేర్ కార్ఖానా దీన్ని తయారుచేసింది, 1889లో లొరే సంస్థ ఇప్పుడు మనం చూసే రూపం ఇచ్చింది. లోపలి రంధ్రం సన్నగా ఉంటుంది, చివర బేరిపండులా ఉబ్బుతుంది. ఓబోను సాగదీసినట్టు ఉంటుంది, గొంతు కూడా అంతే. మెత్తగా, కొంచెం ముసుగు వేసుకున్నట్టు పలుకుతుంది. హెకెల్‌ఫోన్ జర్మన్ వాద్యం. పొడవు 4 అడుగుల దాకా ఉంటుంది, లోపలి రంధ్రం శంకువులా వెడల్పవుతూ పోతుంది, చివర గుండ్రని బుర్ర లాంటి మూతి. బరువెక్కువ కాబట్టి ఆ బుర్ర కింద చిన్న లోహపు కాలు బిగించి నేలమీద ఆనిస్తారు. వాయించేవారు కూర్చుంటే అది వాళ్ల మోకాళ్ల మధ్య నిలబడి ఉంటుంది, పైన వంపు తిరిగిన లోహపు గొట్టం, దాని కొసన రీడు. ఆ రీడు ఓబో రీడులా సన్నగా ఉండదు, దాదాపు బసూన్ రీడంత వెడల్పు. చిన్న బృందంలో వాయించేటప్పుడు ధ్వని తగ్గించుకోవడానికి ఇంకో మూతి కూడా ఇస్తారు, దాన్ని మార్చి బిగించుకోవచ్చు. అంత గట్టి గొంతు దీనిది. కింది స్వరాల్లోనే దీనికి బలం, పైకి వెళ్లేకొద్దీ ఓబోను గుర్తుకు తెస్తుంది.

దీని పుట్టుక వెనక జర్మన్ ఒపేరా స్వరకర్త వాగ్నర్ కోరిక ఉంది. 1879లో ఆయన రైన్ నది ఒడ్డున బీబ్రిష్‌లో వాద్యాలు తయారుచేసే విల్‌హెల్మ్ హెకెల్‌ను కలిశాడు. ఓబో గుణమూ, ఆల్ప్స్ కొండల్లో పశువుల కాపరులు ఊదే పొడవాటి ఆల్ప్‌హార్న్‌లోని మెత్తని బలమూ కలిసిన వాద్యం ఒకటి ఉంటే బాగుంటుందని అన్నాడట. హెకెల్ వాళ్లు 1831 నుంచి బసూన్లు చేస్తున్న కుటుంబం. వాగ్నర్ 1883లోనే పోయాడు. విల్‌హెల్మ్ హెకెల్, ఆయన కొడుకులు కలిసి ఆ వాద్యాన్ని పూర్తిచేసేసరికి 1904 అయింది. అడిగినవాడు వినకుండానే పోయాడన్న మాట ఎప్పుడు తలుచుకున్నా నాకు బాధేస్తుంది.

విన్నవాడు స్ట్రాస్. 1905 డిసెంబర్ 9న డ్రెస్డెన్‌లో 'సలోమే' ఒపేరా మొదటిసారి ప్రదర్శించినప్పుడు అందులో హెకెల్‌ఫోన్ ఉంది. వాద్యం వయసు అప్పటికి ఏడాది. తర్వాత 1909లో 'ఎలెక్ట్రా', 1915లో 'ఆల్పైన్ సింఫనీ'. హెకెల్‌ఫోన్ ఇవాళ్టికీ బతికి ఉందంటే సగం పుణ్యం స్ట్రాస్‌దే. ఈ మూడు రచనలూ ప్రపంచమంతా వాయిస్తూనే ఉంటారు, కాబట్టి ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు ఆ వాద్యాన్ని పెట్టెలోంచి బయటికి తీయక తప్పదు. ఆ మాటకొస్తే ఆల్పైన్ సింఫనీకి నూట ఇరవై మందికి పైగా వాద్యకారులు కావాలి. తెర వెనక నుంచి వినిపించాల్సిన హార్న్‌లే 12. గాలి హోరు కోసం ఒక యంత్రం, ఉరుముల కోసం ఇంకో యంత్రం, ఇవికాక ఆర్గాన్. ఇంతమందిలో ఒక్క హెకెల్‌ఫోన్. ఆ రాత్రి నేను వెతికింది దాన్ని.

ఇక మొదటి ముడి, స్కోరులో రాసిన పేరు. ఇంగ్లిష్ స్వరకర్త హోల్స్ట్ 'ప్లానెట్స్' రచనలో మూడో ఓబో వాయించేవారు మధ్యలో బాస్ ఓబో కూడా తీసుకోవాలని స్పష్టంగా ఉంది. ఇంగ్లండ్‌కు చెందిన డీలియస్ కూడా 'మాస్ ఆఫ్ లైఫ్', మొదటి 'డాన్స్ రాప్సొడీ' లాంటి వాటిలో బాస్ ఓబో అనే రాశాడు. కానీ డీలియస్‌కు జర్మనీతో గట్టి సంబంధం ఉంది. ఆయన రచనలు మొదట ఆదరణ పొందిందీ అక్కడే. అందుకని ఆయన బాస్ ఓబో అని రాసినా మనసులో ఉన్నది హెకెల్‌ఫోనేనని వాదించేవాళ్లున్నారు. పేరు కూడా ఒక సమస్యే. బాస్ ఓబో అంటే ఫ్రెంచి వాద్యం ఒక్కటేనా, ఓబో కంటే ఒక స్థాయి కింద పలికే ఏదైనానా? ఆ రోజుల్లో ఈ గీత గట్టిగా గీసినవాళ్లు లేరు. రెండిటికీ స్వరాలు రాసే పద్ధతి కూడా ఒకటే. వినిపించాల్సిన దానికంటే ఒక స్థాయి పైన రాస్తారు. కాబట్టి ఒకదాని కాగితం పెట్టుకుని ఇంకొకటి వాయించడానికి అడ్డమేమీ లేదు.

అడ్డం లేదు కాబట్టే రెండో ముడి పడింది. ఇప్పటిదాకా తయారైన హెకెల్‌ఫోన్లు దాదాపు 150 అని, వాటిలో వంద దాకా మిగిలి ఉన్నాయని అంచనా. ప్రపంచం మొత్తానికి అంతే. 2001 ఆగస్టులో న్యూయార్క్‌లోని రివర్‌సైడ్ చర్చిలో ఆరు హెకెల్‌ఫోన్లు ఒకచోట చేరితే అదే పెద్ద విశేషమైంది. బాస్ ఓబోలు కూడా రాశిపోసి లేవు. ఏ ఆర్కెస్ట్రాలోనూ ఈ వాద్యానికంటూ శాశ్వత ఉద్యోగం ఉండదు. ఏళ్లకొకసారి సలోమే వస్తుంది, లేదా ప్లానెట్స్ వస్తుంది. అప్పుడు ఓబో విభాగంలోనో, బసూన్ విభాగంలోనో ఒకరు దీన్ని నేర్చుకుని వాయించాలి. వాద్యం అద్దెకు తేవాలి. రీడు దొరకదు, ప్రత్యేకంగా చేయించుకోవాలి, లేదా బసూన్ రీడును తగినట్టు కోసుకోవాలి. కచేరీకి పది రోజుల ముందు ఎంత టెన్షన్ ఉంటుందో ఊహించుకోవచ్చు. ఇలాంటి పరిస్థితుల్లో బాస్ ఓబో కావాల్సిన చోట హెకెల్‌ఫోన్ దొరికితే అదే వాయిస్తారు, హెకెల్‌ఫోన్ కావాల్సిన చోట బాస్ ఓబో దొరికితే అది. నేను దీన్ని తప్పుపట్టను. ఉన్నదానితో సంగీతం నిలబెట్టడం వాద్యకారుల ధర్మం. నా ఫిర్యాదల్లా ఒకటే. ఏది వాయించారో రాసి ఉంచాలి.

మూడో ముడి అదే. సలోమే ఆల్బం తీసుకోండి. కవర్ మీద ప్రధాన గాయని పేరు పెద్దక్షరాల్లో, కండక్టర్ పేరు, ఆర్కెస్ట్రా పేరు ఉంటాయి. లోపలి పుస్తకంలో కథ, పాటల మాటలు, రికార్డింగ్ జరిగిన హాలు, సౌండ్ ఇంజనీరు పేరు దాకా ఉంటాయి. హెకెల్‌ఫోన్ ఎవరు వాయించారో, అసలు వాయించారో లేదో సాధారణంగా ఉండదు. స్ట్రీమింగ్ యాప్‌లు వచ్చాక ఆ లోపలి పుస్తకం కూడా చాలావరకు పోయింది. మిగిలింది వేలిగోరంత బొమ్మ, ట్రాక్ పేరు.

వీటన్నిటికీ కింద రికార్డింగ్ టెక్నాలజీ వేసిన ముడి ఇంకోటుంది. దాదాపు 1925 దాకా రికార్డింగుల్లో మైక్రోఫోన్ వాడుకలో లేదు. వాద్యకారులంతా ఒక పెద్ద లోహపు గరాటు ముందు భుజాలు రాసుకుంటూ ఇరుక్కుని వాయించేవాళ్లు. ఆ గరాటులో చేరిన ధ్వనే సూదిని కదిపి మైనం మీద గీత గీసేది. లోతైన స్వరాలు ఆ గరాటుకు సరిగా అందేవి కావు. అందుకని డబుల్ బాస్‌లను పక్కనపెట్టి వాటి స్వరాలు ఇత్తడి వాద్యం ట్యూబాతో వాయించడం అప్పట్లో మామూలు. అంటే స్కోరులో లేని మార్పులు రికార్డు కోసం చేయడం టెక్నాలజీ పుట్టినప్పటినుంచీ ఉన్నదే. హోల్స్ట్ స్వయంగా కండక్ట్ చేసిన ప్లానెట్స్ మొదటి రికార్డింగ్ 1922 నుంచి 1924 మధ్య లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో ఈ గరాటు పద్ధతిలోనే జరిగింది. మైక్రోఫోన్ రాగానే 1926లో అదే ఆర్కెస్ట్రాతో మళ్లీ మొత్తం రికార్డు చేశాడు. ఆల్పైన్ సింఫనీ మొదటి రికార్డింగ్ కండక్టర్ ఆస్కార్ ఫ్రీడ్ బెర్లిన్‌లో 1925లో చేశాడు, అదీ గరాటు ముందే. నూట ఇరవై మంది కోసం రాసిన సంగీతాన్ని ఒక గరాటులోకి పంపించడం! ఆ సాహసానికి చేతులెత్తి దండం పెట్టాలి. కానీ అందులో హెకెల్‌ఫోన్ కోసం వెతకడం మాత్రం వృథా ప్రయాస.

ఇదే రచన కొన్ని దశాబ్దాల తర్వాత ఇంకో మలుపు దగ్గర కూడా నిలబడింది. బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌తో కండక్టర్ కరాయన్ 1980 డిసెంబర్‌లో డిజిటల్‌గా రికార్డు చేసిన ఆల్పైన్ సింఫనీనే హానోవర్ దగ్గరి లాంగెన్‌హాగెన్ ఫ్యాక్టరీలో పరీక్ష కోసం మొదటి సీడీగా ముద్రించారు. డిజిటల్‌లో ముల్లు గీసుకునే చప్పుడు లేదు, లోతైన స్వరాలూ నిండుగా అందుతాయి. అయినా వినిపించదు, ఎందుకని? ఎందుకంటే స్ట్రాస్ ఈ వాద్యానికి ఎక్కువగా ఇచ్చింది రంగు కలిపే పని. బసూన్ల వరసకూ కోర్ ఆంగ్లేకూ మధ్య ఉన్న ఖాళీని నింపి, మొత్తం గాలి వాద్యాల ధ్వనిని ఒకే కుటుంబపు గొంతులా చేయడం దాని బాధ్యత. పప్పుచారులో ఇంగువలాంటిది. వేసినట్టు తెలుస్తుంది, విడిగా చేతికి చిక్కదు.

ఆల్పైన్ సింఫనీలో ఇంకో విచిత్రం ఉంది. స్ట్రాస్ ఇందులో హెకెల్‌ఫోన్‌కు అది పలకలేని స్వరాలు రాశాడు. వాద్యం 110 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుందని చెప్పాను కదా. ఆయన అక్కడినుంచి ఇంకో నాలుగు అర స్వరాలు కిందికి, 87 హెర్ట్జ్ దాకా దించాడు. వాయించేవాళ్లు ఆ స్వరాలను వదిలేయడమో, ఒక స్థాయి పైకి మార్చుకోవడమో, మూతికి అదనపు గొట్టం తగిలించడమో చేయాలి. దాదాపు వందేళ్ల తర్వాత జర్మనీలోనే గుంట్రామ్ వోల్ఫ్, బెనెడిక్ట్ ఎప్పెల్స్‌హైమ్ అనే ఇద్దరు వాద్య నిర్మాతలు దీనికి విరుగుడు కనిపెట్టారు. ఆ కింది స్వరం దాకా నిజంగానే దిగే కొత్త వాద్యాన్ని చేసి లుపోఫోన్ అని పేరు పెట్టారు. లాటిన్‌లో లూపుస్ అంటే తోడేలు, జర్మన్‌లో వోల్ఫ్ అన్నా తోడేలే. అలా ఆల్పైన్ సింఫనీలో ఆ ఒక్క వరసకు ఇప్పుడు మూడు వాద్యాలు పోటీకి ఉన్నాయి. కవర్ మీద మాత్రం ఆర్కెస్ట్రా పేరు ఒక్కటే.

ఇక్కడ కొంచెం పక్కదారి పడతాను. ఇదే పోలిక మన దగ్గరా ఉంది. నాదస్వరంలో తిమిరి, బారి అని రెండు రకాలు. తిమిరి పొట్టిది, పై శ్రుతిలో పలుకుతుంది. బారి పొడవైనది, కింది శ్రుతిది. ఒకప్పుడు తిమిరే రాజ్యమేలింది. తిరువావడుదురై రాజరత్నం పిళ్లై గారు పొడవాటి బారిని చేతబట్టి దానికి ఎంత గౌరవం తెచ్చారంటే, ఇవాళ కచేరీలో నాదస్వరం అంటే బారియే. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చిన మౌలానా గారి రికార్డులు వింటే ఆ నిండైన మంద్రం విలువ తెలుస్తుంది. మన దగ్గర కింది గొంతు పై గొంతును పక్కకు జరిపి ముందు కూర్చుంది. యూరప్‌లో కింది గొంతుకు ఆ అదృష్టం పట్టలేదు. ముందు కూర్చుని వాయించిన మహా విద్వాంసుడు ఒక్కరుంటే వాద్యం తలరాత ఎలా మారుతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ నాకు తెలియదు.

అలాంటి విద్వాంసుడు ఒక మంద్ర జంట రీడు వాద్యాన్ని పట్టుకున్న అరుదైన క్షణం రికార్డుల చరిత్రలో ఒకటుంది. అది హెకెల్‌ఫోన్ కాదు, బాస్ ఓబో కాదు. దాని దూరపు బంధువు సారూసోఫోన్. 1856లో పారిస్‌లో గోత్రో అనే నిర్మాత పేటెంట్ తీసుకుని, సారూస్ అనే సైనిక బ్యాండ్‌మాస్టర్ పేరు పెట్టాడు. బయట మైదానంలో, ఎండలో వానలో వాయించే సైనిక బ్యాండ్లకు చెక్క ఓబోలూ బసూన్లూ ఆగవు. అందుకని ఒళ్లంతా ఇత్తడితో, మూతికి మాత్రం జంట రీడుతో దీన్ని చేశాడు. చూస్తే సన్నబడిన శాక్సోఫోన్‌లా ఉంటుంది. శాక్సోఫోన్ కనిపెట్టిన అడాల్ఫ్ సాక్స్ కోర్టుకు కూడా వెళ్లాడు, ఓడిపోయాడు. రావెల్, డ్యూకా లాంటి ఫ్రెంచి స్వరకర్తలు ఆర్కెస్ట్రాలో అతి కింది స్వరాలకు దీన్ని కోరుకున్నారు. ఆ స్వరాలను ఇప్పుడు దాదాపు అన్ని రికార్డుల్లోనూ బసూన్ కంటే కింద పలికే కాంట్రాబసూనే వాయిస్తుంది. ఇక్కడా అదే కథ, రాసింది ఒకటి, వాయించింది ఒకటి.

1924 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో క్లారెన్స్ విలియమ్స్ బ్లూ ఫైవ్ అనే చిన్న జాజ్ బృందం 'మాండీ, మేక్ అప్ యువర్ మైండ్' అనే పాట రికార్డు చేసింది. పాడింది ఈవా టేలర్. కార్నెట్ వాయించింది ఇరవైలలో ఉన్న లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. జాజ్ విద్వాంసుడు సిడ్నీ బెషే ఎప్పుడూ పట్టుకునే క్లారినెట్‌నో సొప్రానో శాక్సోఫోన్‌నో కాకుండా, ఆ రోజు లోతుగా మోగే ఒక సారూసోఫోన్‌ను అందుకున్నాడు. అది కూడా గరాటు కాలపు రికార్డే, మైక్రోఫోన్ రావడానికి ఇంకా కొన్ని నెలలుంది.

మొదటిసారి విన్నప్పుడు నేను లేచి కూర్చున్నాను. గరగరమనే చప్పుడు మధ్యలోంచి ఒక లావాటి, బండ గొంతు. తేనెటీగ ఇత్తడి బిందెలో చిక్కుకుని అరిచినట్టు. కానీ ఆ బండ గొంతుతో బెషే చేస్తున్నది మాత్రం ఆయన ఎప్పుడూ చేసే పనే. తాళం మీద వెనక్కి వాలి, స్వరాన్ని కింద నుంచి ఎత్తి, కొసలో వణికించి వదులుతాడు. ఇంత మొరటు వాద్యంలోనూ ఆ మనిషి చేతివాటం దాగలేదు.

గరాటుకు లోతైన స్వరాలు అందవని చెప్పి ఇప్పుడు ఇది బాగా వినిపిస్తుందంటే మీకు అనుమానం రావాలి. జవాబు జంట రీడులోనే ఉంది. ఏ వాద్యమైనా ఒక స్వరం పలికితే ఆ ఒక్క కంపనమే రాదు, దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతల కంపనాలు కూడా కలిసి వస్తాయి. జంట రీడు ధ్వనిలో ఈ పై కంపనాలు చాలా ఎక్కువ. 55 హెర్ట్జ్ స్వరం పలికితే 110, 165, 220 అలా పైకి దండిగా పోతాయి. అడుగున ఉన్న 55 గరాటుకు అందకపోయినా పైవి అందుతాయి. వాటి మధ్య దూరం ఎప్పుడూ 55 కాబట్టి, లేని ఆ అడుగు స్వరాన్ని మన మెదడే పూరించి వినిపిస్తుంది. మనం రోజూ చేస్తున్నదే ఇది. పాత ల్యాండ్‌లైన్ ఫోను 300 హెర్ట్జ్ కంటే కింద ఏమీ పంపేది కాదు. మగవాళ్ల గొంతు అడుగు కంపనం 100 నుంచి 150 మధ్య ఉంటుంది. అయినా ఫోనులో నాన్న గొంతు నాన్న గొంతులాగే వినపడేది కదా. డబుల్ బాస్ తీగ మెత్తని ధ్వనిలో పై కంపనాలు బలహీనంగా ఉంటాయి, అందుకే గరాటు ముందు అది కరిగిపోయేది. సారూసోఫోన్ గరుకుదనమే దాన్ని కాపాడింది.

ఆ రికార్డులో పక్కన వాయించింది నలుగురే. ఆల్పైన్ సింఫనీలో పక్కన నూట ఇరవై మంది. టెక్నాలజీ ఎంత మెరుగైనా, వందేళ్ల కిందటి గరగరలోనే మంద్ర జంట రీడు ఎక్కువ స్పష్టంగా వినపడటానికి కారణం అదే. కాబట్టి హెకెల్‌ఫోన్ గొంతు నిజంగా తెలుసుకోవాలనుకునేవాళ్లు స్ట్రాస్ దగ్గర మొదలుపెట్టకండి. నాలా రాత్రులు పోగొట్టుకుంటారు. హిండెమిత్ దగ్గరికి వెళ్లండి.

జర్మన్ స్వరకర్త పాల్ హిండెమిత్ 1928లో ఓపస్ 47గా ఒక ట్రయో రాశాడు. వయోలా, హెకెల్‌ఫోన్, పియానో, ముగ్గురే. హిండెమిత్ స్వయంగా గొప్ప వయోలా వాద్యకారుడు. వయోలా కూడా వయొలిన్ వెలుగులో మరుగున పడిన మధ్యస్థాయి గొంతే. అలాంటి మనిషికి హెకెల్‌ఫోన్ మీద మనసు పోవడంలో నాకు ఆశ్చర్యం కనిపించదు. ఈ రచనను అచ్చువేసిన షాట్ ప్రచురణ సంస్థది మైన్జ్ నగరం. హెకెల్ కార్ఖానా ఉన్న బీబ్రిష్ సరిగ్గా రైన్ నదికి ఆవలి ఒడ్డు. నది ఇటువైపు వాద్యం తయారైతే అటువైపు దాని సంగీతం అచ్చయింది.

అయితే ఇక్కడ కూడా ఒక జాగ్రత్త. హెకెల్‌ఫోన్ దొరకకపోతే టెనర్ శాక్సోఫోన్‌తో వాయించుకోవచ్చని అచ్చు ప్రతిలోనే ఉంది. దాంతో శాక్సోఫోన్ వాద్యకారులు దీన్ని తమ సొత్తులా వాయించుకున్నారు, బాగా కూడా వాయించారు. ఫలితం ఏమిటంటే, యాప్‌లో హిండెమిత్ ట్రయో ఓపస్ 47 అని వెతికితే వచ్చేవాటిలో చాలా వరకు శాక్సోఫోన్‌వే కావచ్చు. ట్రాక్ పేరులో హెకెల్‌ఫోన్ అని ఉన్నా నమ్మకండి, అది రచన పేరులో భాగంగా వచ్చి ఉండొచ్చు. కళాకారుల పేర్లు చూడండి. పేరు పక్కన ఏ వాద్యం ఉందో చూడండి. మంచి విషయం ఏమిటంటే, ముగ్గురే ఉన్నచోట ప్రతి ఒక్కరి పేరూ రాయక తప్పదు, కాబట్టి ఇక్కడ కవర్ అబద్ధం చెప్పే అవకాశం తక్కువ. చెవితో కూడా తేల్చుకోవచ్చు. శాక్సోఫోన్ స్వరం మొదలయ్యేటప్పుడు నునుపుగా జారి వస్తుంది. జంట రీడు స్వరం అంచు ఉన్నట్టు మొదలవుతుంది, రెండు పొరలు విడివడే చిన్న చిటుకు ముందు తగులుతుంది. సన్నాయి విని పెరిగిన చెవికి ఆ అంచు కొత్త కాదు.

మొదటి భాగాన్ని హిండెమిత్ మూడు మెట్లుగా కట్టాడు. ముందు పియానో ఒక్కటే వాయిస్తుంది. రెండో మెట్టు అరియోసో, అంటే పాటలాంటిది. అక్కడ హెకెల్‌ఫోన్ ఒక్కటే పియానోతో కలుస్తుంది, వయోలా ఇంకా ఆగి ఉంటుంది. మూడో మెట్టులో వయోలా, హెకెల్‌ఫోన్ జంటగా నడుస్తాయి. నేను ఎవరికైనా ఈ వాద్యం వినిపించాలనుకుంటే ఆ రెండో మెట్టు మొదలుకు కాస్త ముందు పెట్టి హెడ్‌ఫోన్స్ చేతికిస్తాను. పియానో విసురుగా వాయించి వాయించి చప్పబడుతుంది. చిన్న నిశ్శబ్దం. వాద్యకారుడు ఊపిరి తీసుకోవడం కూడా మంచి రికార్డింగ్‌లో వినిపిస్తుంది. అప్పుడు వస్తుంది ఆ గొంతు, చుట్టూ ఎవరూ లేకుండా.